వినిపించని తెలుగు పాఠం: దృష్టిలోపం గల విద్యార్థులు – డిజిటల్ సాంకేతికత – తెలుగు పాఠ్యం

వ్యాససంగ్రహం

దృష్టిలోపం గల విద్యార్థుల చదువులో డిజిటల్ సాంకేతికత పాత్రను చర్చించేటప్పుడు సాధారణంగా పరికరాలు, వాటి లభ్యత, వాటిలో శిక్షణ అనే అంశాల దగ్గర ఆగిపోతాం. పరికరం చేతికి వచ్చిన తరువాత అది తెలుగు పాఠాన్ని చదవగలుగుతోందా అన్నది ఈ వ్యాసం వేసుకున్న ప్రశ్న. తెలుగు పాఠ్యం ఏ రూపంలో నిలువ ఉంది, పద్యబోధనలో స్క్రీన్ రీడర్ ఎక్కడ తడబడుతుంది, విని నేర్చిన చదువుకూ వర్ణక్రమ జ్ఞానానికీ మధ్య ఉన్న దూరం ఎంత అనే విషయాలను బోధనానుభవం ఆధారంగా ఇందులో పరిశీలించాను.

కీలకపదాలు: దృష్టిలోపం, స్క్రీన్ రీడర్, యూనికోడ్, భారతీ బ్రెయిలీ, ఛందోబోధన, పాఠ్యపుస్తకం, సిద్ధాంతగ్రంథం.

1. ఉపోద్ఘాతం

అధ్యాపకురాలిగా చేరిన తొలి సంవత్సరంలో నా డిగ్రీ తరగతిలో పూర్తిగా చూపు లేని విద్యార్థి ఒకడు ఉండేవాడు. ఫోనులో స్క్రీన్ రీడర్ సాయంతో ఇంగ్లీషు, చరిత్ర పాఠాలు తానే చదువుకునేవాడు. ఛందస్సు నోట్సు కావాలని అడిగితే, నేను చదువుకునే రోజుల నుంచి దాచుకున్న ఫైలును పీడీఎఫ్‌గా మార్చి పంపాను. మరునాడు తరగతి అయ్యాక దగ్గరకు వచ్చి, "మేడమ్, మీరు పంపింది తెలుగేనా? ఫోనేమో డాలరు, బ్రాకెట్టు, ఏవో ఇంగ్లీషు అక్షరాలు చదువుతోంది" అన్నాడు. ఫోను చెడిపోయి ఉంటుందని సమాధానం చెప్పాను. చెడిపోయింది ఫోను కాదని అర్థం కావడానికి నాకు వారం పట్టింది.

ఆ తరువాత కొన్ని నెలలపాటు ఆదివారాలు అతడు పద్మారావు నగర్‌లోని మా ఇంటికి వచ్చేవాడు. నేను పాఠాన్ని యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేయడం, అతడు విని ఎక్కడ తప్పు పలుకుతోందో చెప్పడం మా పని. నాకు ఒక్క మాట కూడా అందనంత వేగంతో అతడు ఫోనును చదివించుకునేవాడు. స్కందగిరి గుడివైపు వెళ్ళే వాహనాల మోత ఎక్కువైనప్పుడు మాత్రం రెండో చెవికి కూడా ఇయర్‌ఫోను పెట్టుకునేవాడు. ఈ వ్యాసంలోని పరిశీలనలు చాలావరకు ఆ ఆదివారాలలో మొదలైనవే. పరిశీలించిన విద్యార్థులు కొద్దిమంది కనుక వీటిని గణాంకాలుగా కాక బోధనలో ఎదురైన సమస్యలుగా తీసుకోవాలని మనవి.

2. కంటికి కనిపించే తెలుగు, యంత్రానికి అందే తెలుగు

స్క్రీన్ రీడర్ తెరమీది బొమ్మను చూడదు. ఆ బొమ్మ వెనుక ఉన్న సంకేతాన్ని చదువుతుంది. ఈ చిన్న విషయం తెలియకపోవడం వల్లనే తెలుగు శాఖలలో సగం ఇబ్బంది వస్తున్నది. డీటీపీ విస్తరించిన కాలంలో తయారైన తెలుగు ఫాంట్లలో తెలుగు అక్షరానికి సొంత సంకేతం లేదు. ఇంగ్లీషు అక్షరాలకు, విరామచిహ్నాలకు కేటాయించిన సంకేతాల మీదనే తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు వంటి ముక్కల బొమ్మలను కూర్చారు. ఆ ముక్కలు తెరమీద పక్కపక్కన చేరితే మనకు అక్షరం కనిపిస్తుంది. యంత్రానికి మాత్రం అక్కడ ఉన్నది రోమన్ అక్షరాల గుంపు. 'అను' వంటి ఫాంట్లు తెలుగు ప్రచురణకు దశాబ్దాలుగా చేసిన సేవను తక్కువ చేయలేం. అవి కాగితం కోసం పుట్టిన వ్యవస్థలు. కాగితం మీద సిరా ఆరిన తరువాత వెనుక ఏ సంకేతం ఉందో ఎవరికీ అవసరం లేదు. అచ్చు కోసం చేసిన ఫైలునే 'డిజిటల్ ప్రతి' అని పంచడం మొదలుపెట్టినప్పుడే చిక్కు వచ్చింది.

యూనికోడ్ తొలి ప్రమాణం 1991లో వెలువడినప్పుడే అందులో తెలుగు ఉంది. తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. పోతన 2000, వేమన 2000 మొదలుకొని గిడుగు, గురజాడ, సురవరం, రామభద్ర వరకు ఉచితంగా దొరికే యూనికోడ్ ఫాంట్లకు కొదవ లేదు. అందమైన అక్షరాలు లేవన్న సాకు ఎప్పుడో చెల్లిపోయింది. అయినా సదస్సు పత్రాన్ని పాత ఫాంటులోనే పంపమని కోరే ప్రకటనలు నేటికీ వస్తూనే ఉన్నాయి.

పాత ఫాంటును వదిలినంత మాత్రాన సమస్య తీరదు. అంతర్జాలంలో లభించే ప్రాచీన తెలుగు గ్రంథాలలో ఎక్కువ భాగం పుటల ఛాయాచిత్రాలు. వాటిని తెరిస్తే స్క్రీన్ రీడర్ పుట సంఖ్య చెప్పి ఊరుకుంటుంది. బొమ్మ నుంచి అక్షరాలను గుర్తించే ఓసీఆర్ తెలుగుకు కూడా వచ్చింది గాని, వెలిసిన అచ్చులో 'ధ'ను 'థ'గా, 'ప'ను 'ఫ'గా తీసుకుంటుంది. చూపున్న పాఠకుడు అటువంటి తప్పును సందర్భాన్ని బట్టి కంటితోనే సవరించుకొని ముందుకు పోతాడు. వినే పాఠకుడికి ఆ మాట ఒక కొత్త మాటగా చెవిలో పడుతుంది, అది తప్పా లేక తనకు తెలియని పదమా అని తేల్చుకోలేడు. మూడవది మరింత మోసపూరితమైన స్థితి. యూనికోడ్‌లోనే టైపు చేసినా, పీడీఎఫ్‌గా మార్చినప్పుడు అక్షరాల వెనుక ఉన్న పాఠం సరిగా నిక్షిప్తం కాక ఒత్తులు, గుడులు స్థానం తప్పుతాయి. చూడటానికి పుట నిర్దుష్టంగా ఉంటుంది. అందులోని ఒక వాక్యాన్ని కాపీ చేసి మరొకచోట అతికిస్తే గాని లోపం బయటపడదు.

ఇందుకు భిన్నమైన ఉదాహరణలు లేకపోలేదు. తెలుగు వికీసోర్స్‌లో స్వచ్ఛంద కార్యకర్తలు దిద్ది పెట్టిన గ్రంథాలను, ఆంధ్రభారతిలోని నిఘంటువులను స్క్రీన్ రీడర్ ఏ అడ్డంకీ లేకుండా చదువుతుంది. ఒక ఆదివారం నా విద్యార్థి ఒక పదానికి అర్థాన్ని ఆంధ్రభారతిలో తానే వెదికి తెలుసుకున్నాడు. నిఘంటువు చూడటం అదే మొదటిసారి అని తరువాత చెప్పాడు. అంతవరకు ప్రతి పదానికీ ఎవరినో ఒకరిని అడుగుతూ వచ్చాడు.

3. బడిలో తెలుగు పీరియడు

ఈ స్థితికి మూలాలు పాఠశాలలో ఉన్నాయి. జంటనగరాలలో అంధ విద్యార్థుల చదువు అనగానే బేగంపేటలోని దేవనార్ పాఠశాల గుర్తుకు వస్తుంది. నేత్రవైద్యులు డా. ఎ. సాయిబాబా గౌడ్ 1991లో స్థాపించిన ఈ పాఠశాల ఆంగ్లమాధ్యమంలో బోధిస్తుంది. అక్కడ చదువుకున్న బొల్లా శ్రీకాంత్ ఇంటర్మీడియట్‌లో సైన్సు చదవడానికి నిబంధనలు అడ్డురాగా న్యాయస్థానానికి వెళ్ళి అనుమతి సంపాదించారు. పాఠ్యపుస్తకాలను శబ్దరూపంలోకి మార్పించుకొని చదివి అమెరికాలోని ఎం.ఐ.టి.లో చేరారు, తిరిగివచ్చి 2012లో బొల్లాంట్ పరిశ్రమను నెలకొల్పారు. ఆయన జీవితం ఆధారంగా 2024లో హిందీలో 'శ్రీకాంత్' చలనచిత్రం వచ్చింది. ఈ కథను మనం పట్టుదలకు ఉదాహరణగా చెప్పుకుంటాం. అది నిజమే. అయితే అదే కథలో మరొక విషయం ఉంది: పుస్తకం చెవికి అందే రూపంలోకి మారిన తరువాతనే చదువు సాధ్యమైంది. పట్టుదల విద్యార్థి తెచ్చుకోవలసింది, పుస్తకం ఇతరులు ఇవ్వవలసింది. మొదటిదాన్ని పొగిడే ఉత్సాహంలో రెండవదాన్ని మరచిపోతున్నాం.

అంధ విద్యార్థులు ఆంగ్లమాధ్యమం వైపు మొగ్గడానికి ఉద్యోగాలు ఒక కారణం. యంత్రం ఇంకొక కారణం. 'జాస్' స్క్రీన్ రీడర్ 1989లో వచ్చింది, దాని ధర సామాన్య పాఠశాలకు అందేది కాదు. 2006లో ఇద్దరు అంధ యువకులు, ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్, జేమ్స్ టే, ఉచితంగా ఇవ్వాలన్న సంకల్పంతో 'ఎన్‌వీడీఏ'ను మొదలుపెట్టారు. దానితోపాటు లభించే 'ఈ-స్పీక్' గొంతుకు తెలుగు కూడా వచ్చు గాని, అలవాటు లేనివారికి అది ఇనుపరేకు మీద మాటలు దొర్లించినట్లు ఉంటుంది. ఇప్పుడు ఆండ్రాయిడ్ ఫోనులో మెరుగైన తెలుగు గొంతు ఉంది. అంటే, తెలుగు పలకగల యంత్రం విద్యార్థి జేబులోకి వచ్చేసింది. అది పలకదగిన తెలుగు పాఠం మాత్రం ఇంకా అతడి దగ్గరకు రాలేదు. ఇంగ్లీషు పుస్తకం తెరిస్తే వినిపిస్తుంది, తెలుగు పుస్తకం తెరిస్తే వినిపించదు. పన్నెండేళ్ళ పిల్లవాడు దీని నుంచి ఏ భాష గురించి ఏ అభిప్రాయానికి వస్తాడో ఊహించడం కష్టం కాదు.

పాఠ్యపుస్తకాల నిర్మాణాన్ని కూడా గమనించాలి. ప్రాథమిక తరగతుల తెలుగు వాచకాలలో పాఠం సాధారణంగా ఒక బొమ్మతో మొదలవుతుంది, పిల్లలు దాన్ని చూసి మాట్లాడాలి. ఆ బొమ్మకు పక్కన ఒక్క వాక్యం వర్ణన ఉంటే చాలు, చూపు లేని పిల్లవాడు కూడా ఆ సంభాషణలో పాల్గొంటాడు. 2017లో మొదలైన దీక్షా వేదికతో అనుసంధానించే క్యూఆర్ కోడ్‌లను పుస్తకాలలో ముద్రిస్తున్నారు. మంచి ప్రయత్నం. కాని ఆ కోడ్ పుటలో ఏ మూల ఉందో చూపు లేని విద్యార్థికి చెప్పేదెవరు? 2020 సెప్టెంబరులో తెలంగాణలో పాఠాలు టీవీ ద్వారా మొదలైనప్పుడు ఇదే లోపం మరొక రూపంలో కనిపించింది. 'ఇక్కడ చూడండి', 'ఈ పదాన్ని గమనించండి', 'దీనికీ దానికీ తేడా ఏమిటి' అనే వాక్యాలతోనే మన బోధన నడుస్తుంది. ఏది ఇక్కడ, ఏది దానికి? నేను కూడా తరగతిలో అలాగే మాట్లాడతానని, ఆ విద్యార్థి ఎదురుగా కూర్చున్నాక గాని తెలియలేదు. ఇక వాట్సాప్‌లో నోటుపుస్తకం పుటను ఫొటో తీసి పంపే అలవాటు గురించి చెప్పనక్కరలేదు. ఫోను దాన్ని 'ఫొటో' అని మాత్రం చదువుతుంది.

4. ఛందస్సు: చెవి శాస్త్రాన్ని కంటితో బోధించడం

తెలుగు అధ్యాపకులకు ప్రత్యేకంగా సంబంధించిన చిక్కు పద్యంలో ఉంది. వృత్తపద్యంలో పదం ఒక పాదంలో మొదలై తరువాతి పాదంలో ముగియడం సర్వసాధారణం. స్క్రీన్ రీడర్‌కు పాదాంతం అంటే పంక్తి చివర. అక్కడ అది ఆగుతుంది. నడుమకు విరిగిన పదం రెండు అర్థరహితమైన ముక్కలుగా వినిపిస్తుంది. సమాసం పొడవైతే ఎక్కడ ఊపిరి పీల్చాలో యంత్రానికి తెలియదు. దంత్య చ, జలకు నేటి లిపిలో గుర్తు లేదు కనుక వాటిని ఎలా పలకాలో లిపి దానికి చెప్పదు. చక్కగా పద్యం చదవగల అధ్యాపకుడి గొంతు వినని విద్యార్థికి పద్యమంటే ఈ ధ్వనే అనిపిస్తే ఆ తప్పు యంత్రానిది కాదు.

యతిస్థానం దగ్గర మరొక సమస్య ఎదురైంది. ఉత్పలమాలలో పదవ అక్షరం, చంపకమాలలో పదకొండవ అక్షరం, శార్దూలంలో పదమూడవది, మత్తేభంలో పద్నాలుగవది యతిస్థానమని సూత్రం చెబుతాం. నా విద్యార్థి పాదం మొదట్లో నిలిచి, బాణం మీటను పదిసార్లు నొక్కి, "ఇది యతిస్థానం కాదు మేడమ్, ఇక్కడ ఉత్త గుడి ఉంది" అన్నాడు. యూనికోడ్‌లో 'స్త్రీ' అనే ఒక్క అక్షరం ఆరు సంకేతాల వరుస: సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫ, ఈకారపు గుడి. సాధనాన్ని బట్టి, అది నడిచే అనువర్తనాన్ని బట్టి మీట ఒక్కో సంకేతానికి కదలవచ్చు, కొన్ని సంకేతాల కూటమికి కదలవచ్చు. ఏ పద్ధతిలోనైనా అది మన లక్షణగ్రంథాలు చెప్పిన 'అక్షరం'తో అన్నివేళలా సరిపోదు. లాక్షణికుడి అక్షరం ఉచ్చారణకు చెందినది, కంప్యూటరు అక్షరం నిల్వకు చెందినది. ఈ భేదం భాషాశాస్త్ర విద్యార్థులకు మంచి పరిశోధనాంశం కాగలదు.

దారి తోచక మీటలను పక్కన పెట్టాం. గురువుకు చేయి బల్లమీద ఆనించి నిలపడం, లఘువుకు వేలితో తట్టడం అనే పద్ధతి అతడే సూచించాడు. భ-ర-న-భ-భ-ర-వ అని గణాల పేర్లు చెప్పుకుంటూ నాలుగైదు పద్యాలు అలా తట్టేసరికి ఉత్పలమాల నడక అతడికి పట్టుబడింది. మరుసటి వారం నేను చదివిన పద్యం చంపకమాల అని మొదటి పాదం ముగియకముందే గుర్తించాడు, ఆరంభంలోని రెండు లఘువులు వినగానే తెలిసిపోయిందట. చూపున్న నా విద్యార్థులు అదే పని చేయడానికి పాదాన్ని రాసుకొని, గిన్నె గుర్తులు, నిలువు గీతలు పెట్టుకొని, మూడేసి అక్షరాలుగా విడగొట్టి అప్పుడు జవాబు చెప్పేవారు. ఛందస్సు శ్రవ్యమైనదని తొలి పాఠంలో చెప్పి, ఆ వెంటనే నల్లబల్ల వైపు తిరగడం నా బోధనలోని వైరుధ్యం. అందరికీ తట్టి చెప్పడం అప్పటి నుంచి మొదలుపెట్టాను. ఒక్కో పద్యానికి రెండు పాఠాలు కూడా తయారుచేస్తున్నాను: పాదవిభజనతో ఒకటి, పదాలు విరగకుండా అన్వయానికి అనువుగా కూర్చినది ఒకటి. రెండవదాన్ని చూపున్న విద్యార్థులే ఎక్కువగా అడిగి తీసుకుంటున్నారు!

5. వింటే చాలునా?

యంత్రం చదివి వినిపిస్తున్నప్పుడు ఇక బ్రెయిలీ ఎందుకన్న మాట పాఠశాలల్లోనూ తల్లిదండ్రుల్లోనూ వినిపిస్తున్నది. ఈ అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. యంత్రపు గొంతులో శ, ష, సల మధ్య, ల, ళల మధ్య భేదం పలుచగా ఉంటుంది. చెవి ద్వారానే తెలుగు నేర్చిన ఒక విద్యార్థి జవాబుపత్రంలో 'విశేషం' అన్న మాట నాలుగు రకాలుగా కనిపించింది. చిన్ననాడు బ్రెయిలీ నేర్చుకొని తరువాత ఫోనుకు మారిన విద్యార్థి రాతలో ఇటువంటి దోషాలు తక్కువ. మాట వేలికి తగిలినప్పుడు దాని నిర్మాణం తెలుస్తుంది, చెవిని దాటిపోయినప్పుడు అర్థం మాత్రమే మిగులుతుంది. కొంత పెద్దయ్యాక చూపు కోల్పోయిన పిల్లలకు బ్రెయిలీ నేర్పకుండా నేరుగా ఫోను చేతికివ్వడం వారికి వర్ణక్రమాన్ని దూరం చేయడమే.

భారతీయ భాషలన్నిటికీ ఒకే బ్రెయిలీ ఉండాలన్న నిర్ణయం 1951 నాటిది. భారతీ బ్రెయిలీలో ఆరు చుక్కల అరలతోనే తెలుగు వర్ణమాల మొత్తం ఇముడుతుంది, క్ష, జ్ఞలకు విడి అరలు ఉన్నాయి. పుస్తకం బరువే దాని ఇబ్బంది. అచ్చులో సన్నగా ఉండే ఒక వాచకం బ్రెయిలీలో కొన్ని సంపుటాలవుతుంది. యూనికోడ్ పాఠం ఉంటే మాత్రం దాని నుంచి బ్రెయిలీ ప్రతిని సాఫ్ట్‌వేర్ ద్వారా తీయవచ్చు, చుక్కలు పైకి లేచే బ్రెయిలీ తెర మీద చదువుకోవచ్చు. ఆ తెరల ధర ఇంకా ఎక్కువే. కనుక బ్రెయిలీ, డిజిటల్ అనేవి పరస్పరం పోటీపడే పద్ధతులు కావు. రెండూ ఒకే ఫైలు మీద ఆధారపడి ఉన్నాయి, ఆ ఫైలు యూనికోడ్‌లో ఉండాలి.

పరీక్షలో ఈ సమస్య మార్కుల రూపం తీసుకుంటుంది. లేఖకుడి సహాయం, గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలని 2013 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. లెక్కల్లోనో చరిత్రలోనో లేఖకుడి వర్ణక్రమం పెద్దగా అడ్డురాదు. తెలుగు పత్రంలో లేఖకుడి తప్పు విద్యార్థి తప్పవుతుంది. సమాసం పేరు సరిగా చెప్పి, ఉదాహరణ రాతలో చెడిపోయి మార్కులు పోయిన సందర్భాన్ని మూల్యాంకనంలో నేను చూశాను. అచ్చులు ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు క్రమంగా అమరిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు చూడకుండా టైపు చేయడానికి ఎంతో అనువైనది. హైస్కూలులోనే దాన్ని నేర్పితే, తెలుగు పరీక్షను తెలుగు విద్యార్థి తన చేతితో రాయగలుగుతాడు.

6. ధారణకు ప్రశంస, పుస్తకానికి మౌనం

అంధ విద్యార్థి గురించి మాట్లాడే ప్రతి సభలోనూ అతడి ధారణాశక్తిని అవధానులతో పోల్చడం పరిపాటి. అవధాని ధారణను ఎంచుకున్నాడు. ఈ విద్యార్థికి పుస్తకం లేక అది తప్పనిసరి అయింది. పుస్తకం ఇవ్వలేనివారు జ్ఞాపకశక్తిని పొగడటంలో కొంత సౌకర్యం ఉంది. ధృతరాష్ట్రుడికి సంజయుడు ఉన్నాడు కదా అనే చమత్కారం కూడా ఒక సదస్సులో విన్నాను. సంజయుడు చెప్పినంతే వినగలగడం, చెప్పినప్పుడే వినవలసి రావడం ఎటువంటి పరాధీనతో ఆ చమత్కరించినవారికి తట్టలేదు. విద్యార్థికి కావలసింది పుటను తానే వెనక్కి తిప్పుకోగలగడం.

చట్టం వైపు నుంచి లోటు అంతగా లేదు. దృష్టిలోపం గలవారికి అనువైన రూపంలోకి గ్రంథాన్ని మార్చడానికి 2012 నాటి కాపీరైటు సవరణ వీలు కల్పించింది. 2013 నాటి మర్రకేష్ ఒప్పందాన్ని అందరికంటే ముందు, 2014లో, ఆమోదించిన దేశం మనదే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిర్దిష్ట స్థాయి వైకల్యం గల విద్యార్థులకు పద్దెనిమిదేళ్ళ వరకు పుస్తకాలు, బోధనసామగ్రి, తగిన సహాయక ఉపకరణాలు ఉచితంగా ఇవ్వాలి. అదే సంవత్సరం సుగమ్య పుస్తకాలయ అనే అంతర్జాల గ్రంథాలయం మొదలైంది. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు డిజిటల్ అందుబాటును జీవించే హక్కులో భాగంగా పేర్కొంది. ఈ మధ్యకాలంలో వికలాంగులు అన్న మాట దివ్యాంగులుగా మారింది. పేరు మారినంత త్వరగా ఫాంటు మారలేదు.

చట్టం అనుమతించిన పనిని తెలుగులో ఎవరు చేయాలన్న చోట మాత్రం మనం జవాబుదారులం. స్కాన్ చేసిన పుటను దిద్దడానికి తెలుగు బాగా వచ్చినవాళ్ళు కావాలి, ఆ నైపుణ్యం తెలుగు శాఖలలోనే ఉంది. ఎం.ఏ. విద్యార్థులకు ప్రాజెక్టు పనిగా ఒక్కొక్కరికి యాభై పుటల దిద్దుబాటు ఇచ్చినా పాఠ్యప్రణాళికలోని కావ్యభాగాలు కొన్నేళ్ళలో పూర్తవుతాయి. పరిష్కరణ విధానం పాఠంగా చెబుతున్నాం, దానికి ఇంతకన్నా మంచి అభ్యాసం ఏముంటుంది? విశ్వవిద్యాలయాలు సిద్ధాంతగ్రంథం స్వీకరించేటప్పుడు గ్రంథచౌర్యాన్ని పరీక్షిస్తున్నాయి. పాత ఫాంటులో ఉన్న తెలుగు గ్రంథంలో ఆ పరీక్ష ఏమి చదువుతుందో కూడా ఒకసారి ఆలోచించవలసి ఉంది. ఏ స్క్రీన్ రీడర్‌కూ అర్థం కాని ఆ పాఠం దానికి మాత్రం ఎలా అర్థమవుతుంది?

ఛందస్సు నోట్సు అడిగిన ఆ విద్యార్థి ఇప్పుడు ఎం.ఏ. ముగించి పరిశోధనలో చేరే ప్రయత్నంలో ఉన్నాడు. తాను అనుకున్న అంశంపై పూర్వపరిశోధనలు చూడటానికి శోధగంగలో మూడు సిద్ధాంతగ్రంథాలు తెరిచాడు. రెండింటిలో ఉన్నవి పుటల బొమ్మలు. మూడవది తెరిస్తే మళ్ళీ డాలర్లు, బ్రాకెట్లే వినిపించాయట. అది నా సిద్ధాంతగ్రంథం. ఫాంటు మార్చే సాధనాలతో దాన్ని యూనికోడ్‌లోకి తెచ్చి, చెదిరిన ఒత్తులను చేతితో దిద్దుతున్నాను. మూడు అధ్యాయాలు అతడికి పంపాను. పద్యోదాహరణలు ఎక్కువగా ఉన్న నాలుగవ అధ్యాయం ఇంకా మిగిలి ఉంది.